స్లైగో కొండల మీది రాతి సమాధులు, లాఖ్ ఆరో చెరువు: అమ్మానాన్నలతో రెండు రోజులు ఎలా?

లూకన్_కాఫీ:

జూన్ మూడో వారంలో అమ్మానాన్నలు గుంటూరు నుంచి డబ్లిన్ వస్తున్నారు. క్లిఫ్స్ ఆఫ్ మొహెర్ బస్సు టూరు వద్దనుకుంటున్నాం. తెల్లారగట్ల ఎక్కి రాత్రికి దిగడం, మధ్యలో గంటన్నర చూడటం, మిగతాదంతా సీట్లో కునుకు. దానికి బదులు శని, ఆదివారాలు అద్దె కారు తీసుకుని ఒక కొండ, ఒక చెరువు, పాతకాలపు రాతి కట్టడాలు నింపాదిగా చూపించాలని ఉంది. స్లైగో వైపు క్యారోకీల్ అనే చోటు బాగుంటుందని విన్నాను.

నాన్నకి 66, నడక అలవాటే. అమ్మకి 61, మోకాళ్ళ నొప్పి. చదునుగా ఉంటే ఎంత దూరమైనా నడుస్తుంది, మెట్లు దిగడమే కష్టం. నా సందేహాలు ఇవి. పాతకాలపు పెద్ద రాతి సమాధి న్యూగ్రేంజ్ డబ్లిన్‌కి దగ్గరే ఉండగా స్లైగో దాకా పోవడం దండగా? జూన్‌లో కూడా బురద ఉంటుందా? సమాధుల లోపలికి వెళ్ళనిస్తారా? చిన్న రోడ్ల మీద ఆటోమేటిక్ కారుతో ఇబ్బందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

సున్నపురాయి:

రెండు రోజులున్నాయి కాబట్టి స్లైగోకే నా ఓటు. న్యూగ్రేంజ్ గొప్పదే. క్రీ.పూ. 3200 ప్రాంతం నాటిది, దాదాపు 85 మీటర్ల వెడల్పు. కానీ టికెట్టు ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, బాయిన్ నదికి ఇవతల ఉన్న సెంటర్‌కి చేరాలి, అక్కడినుంచి వాళ్ళ బస్సులో వెళ్ళి గైడు వెంట లోపల కాసేపు నిలబడి రావాలి. వేసవిలో ఆఖరి నిమిషంలో టికెట్టు దొరకదు. అది ఒక పూట పని, ఇంకెప్పుడైనా డబ్లిన్ నుంచి వెళ్ళి రావచ్చు. క్యారోకీల్‌లో టికెట్టు లేదు, గేటు దగ్గర మనిషి లేడు. కొండ గట్ల మీద పద్నాలుగు దాకా కెయిర్న్‌లు, అంటే సమాధుల మీద పోసిన రాళ్ళ గుట్టలు. చుట్టూ గాలి, గొర్రెలు.

ముందు మాప్‌లో లాఖ్ ఆరో చెరువును చూడండి. మీ రెండు రోజులూ దాని చుట్టూనే. పడమర గట్టు మీద బ్రిక్లీవ్ కొండలు, వాటి మీదే క్యారోకీల్. ఉత్తరపు కొసన హీప్స్‌టౌన్ కెయిర్న్. తూర్పున లాబీ రాక్ అనే పాత రాతి సమాధి. దక్షిణంగా కొండ దాటితే బాయిల్ పట్టణం. ఇంకాస్త పడమరకు కెష్‌కోరన్ కొండ, దాని బుగ్గలో వరసగా గుహల నోళ్ళు. ఏ రెండింటి మధ్యా అరగంటకు మించి డ్రైవింగ్ లేదు.

శనివారం: డబ్లిన్ నుంచి ఎన్4 మీద కాజిల్‌బాల్డ్విన్‌కు రెండున్నర గంటలు. దారిలో ఆగడాలు కలిపి మూడున్నర వేసుకోండి. మధ్యాహ్నం అమ్మగారికి వీలైన చోట్లు పెట్టుకోండి. హీప్స్‌టౌన్ రోడ్డు పక్కనే. అడ్డంగా 60 మీటర్ల దాకా ఉండే రాళ్ళ గుట్ట, బాయిన్ లోయ బయట ఐర్లండ్‌లో పెద్దవాటిలో ఒకటి. దాని రాళ్ళు గోడలకీ రోడ్లకీ ఎత్తుకుపోగా మిగిలింది ఇది. లాబీ రాక్‌కు పొలాల మధ్య కాలిబాట. దాని పైకప్పు రాయి ఒక్కటే 70 టన్నుల దాకా ఉంటుందని అంచనా. నెత్తిన గడ్డీ తుప్పలూ మొలిచి, నాలుగు రాళ్ళ మీద బరువంతా మోపి కూర్చున్నట్టుంటుంది. సాయంత్రం చెరువు ఒడ్డు. లాఖ్ ఆరో నీళ్ళు ఎక్కువగా అడుగున ఊటల నుంచి వచ్చేవే, తేటగా ఉంటాయి. మే చివర, జూన్‌లో ట్రౌట్ చేపల కోసం పడవల వాళ్ళు వస్తారు కాబట్టి బస ముందే చూసుకోండి.

ఆదివారం పొద్దున్నే క్యారోకీల్. కింద గేటు దగ్గరే కారు ఆపి నడవండి. రానుపోను, పైన చూడటంతో కలిపి రెండున్నర నుంచి మూడు గంటలు. దారిలో చాలాభాగం రోడ్డే, ఏటవాలు నెమ్మది. అమ్మగారు ఆ రోడ్డు ఉన్నంతవరకూ హాయిగా రావచ్చు. ఆఖరి ముక్క మాత్రం గడ్డి, రాయి, ఊబి నేల కలిసిన కాలిబాట, కాస్త నిటారు.

పేర్ల గురించి ఒక మాట. బోర్డు మీద లో–గ్ అన్నట్టు కనిపించేదాన్ని లాఖ్ అనాలి, గొంతులోంచి. చెరువని అర్థం. స్లీవ్ అంటే కొండ, నాక్ అంటే గుట్ట, కిల్ అంటే చాలాచోట్ల గుడి. బ్రిక్లీవ్ అంటే మచ్చల కొండ. తెల్ల సున్నపురాయి, నల్ల హెదర్ పొదలు పక్కపక్కన చూశాక ఆ పేరు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

గొడుగు_వద్దు:

సున్నపురాయి గారు నేల గురించి తేలిగ్గా తేల్చేశారు. జూన్‌లో కూడా బురద ఉంటుంది, ఎందుకంటే అది వాన బురద కాదు. ఆ కొండ సున్నపురాయి. దాని మీద పీట్ నేల, అంటే సగం కుళ్ళిన మొక్కల పొర, స్పాంజిలా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. వారం ఎండ కాసినా పైన మాత్రమే ఆరుతుంది.

అడుగు ఎక్కడ వెయ్యాలో రంగు చూసి తెలుసుకోవచ్చు. ముదురు గోధుమరంగు హెదర్ పొదలున్న చోట నేల గట్టి. నిగనిగలాడే లేత పచ్చ నాచు కనిపిస్తే అది మెత్తటి పచ్చిక కాదు, కింద నీళ్ళే. చీలమండ దాకా దిగుతుంది. రెల్లులాంటి గడ్డి గుత్తులున్న చోట కుదుళ్ళ మీద కాలు పెట్టాలి, మధ్యలో కాదు. హెదర్ కింద సున్నపురాతి పగుళ్ళు కూడా దాగి ఉంటాయి. దారి తప్పి పొదల్లో నడిస్తే కాలు బెణికేది అక్కడే. ఈ కొండని ఉత్తర దక్షిణాలుగా చీల్చుకుంటూ పొడుగాటి లోయలున్నాయి, వాటి అంచులు నిట్టనిలువు. పొగమంచు దిగితే పది గజాల అవతలి అంచు కనిపించదు. మబ్బు కొండ తలను కప్పేసి ఉంటే ఆ పూట ఎక్కొద్దు.

బట్టలు: జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తాయి. అమ్మగారి కాటన్ చుడీదార్ కూడా అంతే. త్వరగా ఆరే సింథటిక్ ప్యాంటు, ఒక పల్చని ఉన్ని పొర, పైన గాలీ వానా ఆపే జాకెట్. కింద పదహారు డిగ్రీలుంటే 320 మీటర్ల ఎత్తున రెండు డిగ్రీలు తక్కువ, గాలితో ఇంకా తక్కువ అనిపిస్తుంది. గొడుగు మొదటి గాలికే తిరగబడుతుంది. పల్చటి ప్లాస్టిక్ పాంచో మొహానికి కొట్టుకుని దారి కనబడనివ్వదు. చీలమండ పట్టి ఉంచే బూట్లు కావాలి. మామూలు స్పోర్ట్స్ షూలతో రోడ్డు వరకు పర్వాలేదు. కారులో ఒక జత పొడి సాక్సు, చెప్పులు తప్పనిసరి.

మోకాళ్ళకి చేతికర్రలు, ఒకటి కాదు రెండు. ఎక్కేటప్పుడు మోచెయ్యి లంబకోణంలో ఉండేలా పొడుగు పెట్టుకోవాలి, దిగేటప్పుడు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పెంచాలి. చాలామంది పెంచరు. అప్పుడు ముందుకు వంగి బరువంతా మోకాళ్ళ మీదే వేస్తారు, కర్ర ఉండీ లాభం లేదు. దిగేటప్పుడు కర్ర ముందు, కాలు తర్వాత.

పిడుదులు మరిచిపోవద్దు. ఫెర్న్, ఎత్తు గడ్డి ఉన్నచోట పట్టుకుంటాయి, లైమ్ జబ్బు తెస్తాయి. ప్యాంటు అంచులు సాక్సులో దూర్చండి. రాత్రి మోకాలి వెనక, నడుం దగ్గర, చంకల్లో చూసుకోండి. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్ల అంటించడం లాంటి మనూరి వైద్యాలు ఇక్కడ పనికిరావు.

మూడోగేరు:

రోడ్ల సంగతి. మీది లూకన్ కాబట్టి ఎం50 తగలదు, నేరుగా ఎన్4, ఎం4. కిల్‌కాక్ దాటాక ఒక టోల్ ఉంది. 2021లో తెరిచిన నాలుగు వరుసల రోడ్డు కాజిల్‌బాల్డ్విన్ నుంచి కలూనీ వరకు పోతుంది. ఊరి బోర్డు చూసి దిగకపోతే ధ్యాసలేకుండా స్లైగో వైపు వెళ్ళిపోతారు.

జీపీఎస్‌లో నేరుగా క్యారోకీల్ అని కొట్టొద్దు. బోరీన్‌లు, అంటే పొలాల మధ్య సందు రోడ్లు, ఏది దగ్గరైతే అది చూపిస్తుంది. కొన్ని రైతు గేటు దగ్గర ఆగిపోతాయి. కాజిల్‌బాల్డ్విన్ పెట్టుకుని, అక్కడినుంచి గోధుమరంగు బోర్డులు పట్టుకోండి.

ఆటోమేటిక్ అయితే ఇంకా నయం. సమస్య గేరు కాదు, వెడల్పు. రోడ్డు మధ్యలో గడ్డి మొలిచి ఉంటే అది ఒక కారుకే సరిపోయే రోడ్డని అర్థం. వస్తూ వస్తూ వెడల్పు చోట్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలి. ఎదురుగా ట్రాక్టరో ట్రైలరో వస్తే రివర్స్ చెయ్యాల్సింది మీరే, దానికి ట్రైలర్‌తో వెనక్కి రావడం కష్టం. 2025 ఫిబ్రవరి నుంచి పల్లె ప్రాంతాల్లోని లోకల్ రోడ్ల మీద మామూలు పరిమితి గంటకు 80 నుంచి 60 కిలోమీటర్లకు దించారు. నిజానికి ఆ మలుపుల్లో 40 దాటలేరు. ఎడమ వైపు డ్రైవింగ్ మనకి కొత్త కాదు గానీ, కంచె పొదల్లో రాతిగోడ దాగి ఉంటుందని మరిచిపోతారు. అద్దె కారు బీమాలో టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం కలిశాయో లేదో సంతకానికి ముందే చదవండి. చాలా పాలసీల్లో కలవవు, ఈ రోడ్ల మీద దెబ్బతినేవి సరిగ్గా అవే.

గేటు: మూసి ఉంటే తీసి వెళ్ళి మళ్ళీ మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. ఇక్కడ ఎవరి పొలంలోనైనా నడిచే హక్కు చట్టంలో లేదు. చాలా కాలిబాటలు రైతు సరేనన్నందుకే ఉన్నాయి. పొలం గేటుకి అడ్డంగా కారు పెడితే ఆ సరే కాస్తా పోతుంది. ఎప్పుడూ వాడని గేటులా కనిపించినా దానికి అడ్డంగా ఆపొద్దు. కుక్కని తేవద్దు, అంతా గొర్రెలు.

పాతరాళ్ళు:

సమాధుల లోపలికి వెళ్ళడం గురించి అడిగారు. క్యారోకీల్‌లో తాళం లేదు, అయినా బయటి నుంచే చూడమంటాను.

కెయిర్న్‌లకు ఎ, బి, సి అని అక్షరాలు పెట్టింది 1911లో పురాతత్వవేత్త మెకాలిస్టర్ బృందం. అప్పటి తవ్వకం హడావుడిగా సాగింది. అక్కడ దొరికిన ముతక కుండలనుబట్టే ఐర్లండ్ అంతటా ఆ రకానికి క్యారోకీల్ కుండలని పేరు వచ్చింది. లోపలి గదుల కప్పు సున్నం, మట్టి ఏమీ లేకుండా పలకలను ఒకదానిమీద ఒకటి కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పేర్చింది. పైన గుట్టగా పోసిన రాళ్ళ బరువే వాటి తోకలు నొక్కి పట్టి నిలబెడుతోంది. ఎవరైనా ఫొటో కోసం గుట్ట ఎక్కితే రాళ్ళు జారతాయి, ఆ నొక్కుడు తగ్గుతుంది, సందుల్లోంచి వాన నీరు గదిలోకి దిగుతుంది. ఐదువేల ఏళ్ళు నిలిచింది బూటు దెబ్బలకి కదులుతోంది. కాబట్టి గుట్ట ఎక్కడం మాత్రం అస్సలు వద్దు. లోపలికి దేకుతూ వెళ్ళాలి. వీపు సంచి పక్క రాళ్ళకు రాసుకుంటుంది, మోకాళ్ళు రాతి మీద ఆనతాయి. అమ్మగారికి అది ఎలాగూ కుదరదు. ద్వారం దగ్గర వంగి టార్చి వేస్తే గది కనిపిస్తుంది.

తప్పక చూడాల్సింది కెయిర్న్ జి. ద్వారం పైన ఇంకో చిన్న చదరపు సందు ఉంటుంది. న్యూగ్రేంజ్‌లో ఉన్నలాంటిదే, వెలుగు కోసం వదిలిన కిటికీ. న్యూగ్రేంజ్‌ది చలికాలపు పొద్దుపొడుపుకి. ఇక్కడిది ఎండాకాలపు అస్తమయానికి, జూన్ 21కి కాస్త ముందూ వెనకా. కెయిర్న్ ఇ మరో తమాషా. ముందుభాగం ఒక రకం సమాధి పద్ధతి, వెనకది వేరే రకం. రెండు సంప్రదాయాల మేస్త్రీలు రాజీపడ్డట్టుంటుంది. 2020లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధనలో న్యూగ్రేంజ్‌లో దొరికిన ఒక పురుషుడికీ, ఇక్కడా, స్లైగో జిల్లాలోనే ఉన్న మరో సమాధుల చోటు క్యారోమోర్‌లోనూ పూడ్చిన కొందరికీ దూరపు చుట్టరికం తేలింది. దేశానికి ఆ కొసా ఈ కొసా అయినా చుట్టాలే.

లోపల కొవ్వొత్తి, అగరుబత్తి, కర్పూరం ఏదీ వెలిగించొద్దు. మసి రాతికి పడితే పోదు. పెద్దవాళ్ళు భక్తిగా చిల్లర వదులుతారు, అదీ వద్దు. దణ్ణం పెట్టుకుంటే చాలు. మన తెలంగాణలో ఇలాంటి పాత రాతి సమాధుల్ని రాక్షస గుళ్ళు అంటారు కదా, నాన్నగారికి అలా చెబితే ఇట్టే అర్థమవుతుంది. మనవి ఇనుప యుగానివి, ఇవి అంతకంటే చాలా పాతవి. స్లైగో సమాధుల ప్రాంతం, నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు, రెండూ ఇప్పుడు యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి.

లూకన్_కాఫీ:

అందరికీ చాలా థాంక్స్. మేం వెళ్ళేది సరిగ్గా 20, 21 తేదీల వారమే! అయితే శనివారం సాయంత్రమే పైకి వెళ్ళి కెయిర్న్ జి దగ్గర అస్తమయం చూడొచ్చా? రెండోది, ఆదివారం వాన పట్టుకుంటే ఏం చెయ్యాలి? తిండి ఎక్కడ?

గొడుగు_వద్దు:

అస్తమయం పదింటికి పైనే. ఆ తర్వాత ముప్పావుగంట మసక వెలుగు ఉంటుంది, కానీ దిగడానికి గంట పైనే పడుతుంది. అంటే ఆఖరి భాగం చీకట్లో. నాన్నగారూ మీరూ తలకి కట్టుకునే లైట్లతో వెళ్ళొచ్చు, ఆకాశం నిర్మలంగా ఉంటేనే. ఫోన్ టార్చి చాలదు. ఒక చెయ్యి దానికే పోతుంది, కర్ర పట్టుకోవడానికి ఇంకో చెయ్యి మాత్రమే మిగులుతుంది. అమ్మగారిని ఆ పూట బసలోనే ఉంచండి. పడమటి దిక్కున మబ్బు పట్టి ఉంటే ఎక్కడం వృథా, ఎనిమిదింటికి చూసి నిర్ణయించుకోండి. పైన ఇంకా నలుగురు చేరి ఉంటారు. ఎవరూ ద్వారానికి అడ్డంగా నిలబడకూడదు, వెలుగు ఆగిపోతుంది.

ఏదైనా అయితే 112 కొట్టి మౌంటెన్ రెస్క్యూ కావాలని అడగాలి. సిగ్నల్ అక్కడక్కడా పోతుంది కాబట్టి ఎన్నింటికి దిగుతారో అమ్మగారికి చెప్పి వెళ్ళండి.

సున్నపురాయి:

వాన పడితే క్యారోకీల్ వదిలెయ్యండి. సన్న జల్లే అయితే స్లైగో ఊరి పక్కన క్యారోమోర్‌కి వెళ్ళండి. ముప్పై దాకా సమాధులు, అన్నీ పచ్చిక మైదానంలో, చదును. చిన్న సెంటర్ ఉంది, అది ఏడాది పొడుగునా తెరవరు గానీ జూన్‌లో తెరిచే ఉంటుంది. అమ్మగారికి నిజానికి ఇదే బాగా నచ్చొచ్చు. అక్కడ నిలబడి పడమరకి చూస్తే నాక్‌నరే కొండ, దాని నెత్తిన ఐరిష్ పాత కథల్లోని మేవ్ రాణి పేరున్న కెయిర్న్. కింద నుంచే బొడిపెలా కనిపిస్తుంది, దగ్గరికెళితే పది మీటర్ల ఎత్తు. ఇప్పటికీ ఎవరూ తవ్వలేదు. కొండ ఎత్తు 327 మీటర్లు, ఎక్కడానికి గంటలోపే. రెండు దారులున్నాయి. స్ట్రాండ్‌హిల్ వైపుది మెట్లు, పలకల దారి. బురద తక్కువే కానీ ఆ మెట్లు దిగడం అమ్మగారికి వద్దు. గ్లెన్ రోడ్డు కార్‌పార్క్ నుంచి వెళ్ళేది పాత రాళ్ళ బాట. నాన్నగారు ఎక్కి వచ్చేలోపు అమ్మగారు స్ట్రాండ్‌హిల్ సముద్రపు ఒడ్డున కూర్చోవచ్చు. ఈతకి మాత్రం దిగొద్దు, అక్కడ లోపలి ప్రవాహాలు ప్రమాదం.

గట్టి వానైతే తిరుగుదారిలో బాయిల్ ఆబీ. 1161లో సిస్టర్షియన్ సన్యాసులు మొదలుపెట్టిన మఠం. స్తంభాల తలల మీద చెక్కిన చిన్న చిన్న మనుషుల్నీ జంతువుల్నీ వెతుక్కుంటూ అరగంట గడిచిపోతుంది. పక్కనే లాఖ్ కీ అడవి పార్కు, చదును దారులు, టాయిలెట్లు.

కెష్‌కోరన్ గుహల మాట నేనే ఎత్తాను కానీ, కింద రోడ్డు నుంచి చూసి ఊరుకోండి. పైకి బాట నిటారు. తడిస్తే గడ్డి మీద జర్రున జారుతుంది.

తిండి: క్యారోకీల్ దగ్గర అంగడి లేదు, టాయిలెట్ లేదు, చెత్తబుట్ట లేదు. బాయిల్‌లోనో బాలీమోట్‌లోనో అన్నీ చూసుకుని బయల్దేరండి. పులిహోర డబ్బా సరైన తిండి, చల్లారినా బాగుంటుంది. పెరుగన్నం ఆ గాలిలో తినలేరు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళండి. కరివేపాకు, మిరపకాయలు కూడా పారెయ్యకుండా డబ్బాలోనే వెనక్కి తెండి, గొర్రెలు తింటాయిలే అనుకోవద్దు.

మూడోగేరు:

ఒకటి మరిచాను. శనివారం రాత్రి అస్తమయానికి వెళితే కారు ముక్కు రోడ్డు వైపు తిప్పి ఆపి వెళ్ళండి. పదకొండింటికి చీకట్లో, పక్కన కాలవ ఉన్న ఆ సందులో కారు తిప్పుకోవడం కంటే వెలుగున్నప్పుడే ఆ పని అయిపోతుంది.

లూకన్_కాఫీ:

సరేనండి. శనివారం హీప్స్‌టౌన్, లాబీ రాక్. మబ్బు లేకపోతే రాత్రికి నాన్నా నేనూ కెయిర్న్ జి. ఆదివారం అమ్మతో క్యారోమోర్. కర్రలు రెండు జతలు, తలలైట్లు ఈ వారమే కొంటున్నాను.